కాడ వాలక ముందే

పొద్దున్నే నత్తలు ఏరడంతో దేముడమ్మకి రోజు మొదలవుతుంది. ఈ దీవుల్లోని లంబాలైన్ పేటలో విమానాశ్రయం గోడకి ఇవతల మహిళా మండలి వాళ్ళ బాల్వాడీ ఉంది, అందులో వంటా పిల్లల ఆలనా ఆమెవే. దాని వెనక మహా అయితే ఆరు మంచాలు పట్టేంత జాగా. ఆ జాగాలోనే బెండ, వంగ, గోంగూర, రేకుల కప్పెక్కిన ఆనపపాదు, వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని పైకి పోయిన బచ్చలి. చుట్టూ చిరిగిన చేపల వల కట్టి కంచె అనిపించింది. కోళ్ళకైతే అది కంచే గాని నత్తలకి కాదు. రాత్రి వాన పడితే చాలు, గుప్పెడంతేసి నత్తలు పిలవని చుట్టాల్లా దిగిపోతాయి. లేత ఆకు ఎక్కడుందో వాటికి తెలిసినంత బాగా మండలి మెంబర్లకి తెలియదు. ఆమె కొబ్బరి చిప్పతో ఒక్కోదాన్నీ గీకి ఉప్పునీళ్ళ బకెట్‌లో వేస్తూ, ఒక్కోదానికి ఒక్కో తిట్టు చొప్పున తిడుతుంది.

ఆ మంగళవారం బకెట్ సగం నిండాక నడుం పట్టుకుని లేచి కంద దగ్గరికి వెళ్ళింది. మూలన నాలుగు మొక్కలు. శివరాత్రి వెళ్ళాక పిలకలు పాతి, బూడిదా పేడా కలిపి కప్పింది. ఇప్పుడు కాడలు ఆమె నడుమెత్తు లేచి, ఒళ్ళంతా మచ్చలతో, నెత్తిన గొడుగులు వేసుకుని నిలబడ్డాయి. ఒంగుని కాడ మొదట్లో బొటనవేలితో నొక్కి చూసింది. గట్టిగా ఉంది. ఆకు పసుపు తిరిగి, కాడ మెత్తబడి, తనంతట తాను నేలకి వాలాలి. అప్పుడు తవ్వాలి. తవ్వినది నీడన ఆరబెట్టి నెలైనా ఆగాలి. మెయిన్‌ల్యాండ్‌లో దసరా వెళ్ళేసరికి వాలిపోతుందంటారు. ఇక్కడ దీపావళి దాటినా వాన వదలదు కాబట్టి కాడా వదలదు.

“మామ్మా!”

అమ్మడు కంచెకి అవతల నిలబడి వలకి ముక్కు ఆనించింది. మూడున్నరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ లక్ష్మీకుమారి విమానాశ్రయంలో నేల తుడిచే పని చేస్తుంది. పొద్దుటి డ్యూటీ అయితే ఏడింటికే పిల్లని బాల్వాడీ గుమ్మంలో దింపేసి, గోడ వెంబడి పరుగెత్తుకుంటూ పోతుంది.

“ఒలే, అలగ ముక్కు పెట్టకు, నత్త కరిసీగలదు,” అంది దేముడమ్మ.

“నత్తకి పళ్ళు లేవు.”

“నీకు ఉన్నాయి గదా, మరి నువ్వెందుకు తినవు?”

అమ్మడి తిండి సంగతి లంబాలైన్ మొత్తానికి తెలుసు. నిరుడు చేరిన కొత్తలో పళ్ళెం ముందు రాయిలా కూర్చునేది. ఉప్మా, అన్నం, గుడ్డు, ఏం పెట్టినా నోరు బిగించేసేది. పదకొండో రోజునో పన్నెండో రోజునో, దేముడమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, విమానం దిగుతున్న చప్పుడుకి పిల్ల నోరు తెరిచి చూస్తుంటే, ఆ తెరిచిన నోట్లో గోలీకాయంత బచ్చలి పప్పన్నం పెట్టింది. పిల్ల మింగింది. ఆ రోజు నుంచి ఆమె చేత్తో పెడితేనే తింటుంది. ఇంట్లో తల్లి చేత్తో కూడా అంత తినదు. దేముడమ్మ ఈ మాట పైకి అనదు గాని లోపల్లోపల మహారాణిలా మురిసిపోతుంది. కన్న పిల్లలు లేని మనిషికి అంతకన్నా ఏం కావాలి.

ఆ రోజు ఉప్మా ముద్దలు పెడుతూ ఉండగా చాందిని స్కూటీ వచ్చి ఆగింది. చాందిని బాల్వాడీ టీచరు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఇదే బాల్వాడీలో, ఇదే వంటింటి గుమ్మంలో, ముక్కు కారుస్తూ ఉప్మా తిన్న పిల్ల. ఇప్పుడు రిజిస్టరు ఆమె చేతిలో ఉంది.

“పిన్నీ, గురువారం గెస్టులు వస్తున్నారు. చెన్నై నుంచి. మనకి హెల్ప్ చేసే సంస్థ వాళ్ళు. సరోజిని మేడమ్ ఫోన్ చేసింది, గార్డెన్ ఏక్‌దమ్ సాఫ్‌గా ఉండాలంట.”

“ఉంటాది. ఇప్పుడే నత్తలు తీసీసినాను.”

“అది కాదు. హార్వెస్ట్ ఫొటో కావాలంట. వాళ్ళ బుక్ కవర్ మీద వేస్తారు. పెద్దది ఏదైనా తవ్వి చేతిలో పట్టుకోవాలి.” చాందిని కంచె మీంచి వేలు చూపించింది. “అది. కంద.”

“కాడ పచ్చగా ఉందమ్మా. ఇంకా అవలేదు.”

చాందిని ఫోన్ తీసి వేలితో పైకీ కిందకీ జరిపింది. “ఎనిమిది నెలలు అని రాశారు చూడు. ఫిబ్రవరిలో వేశావు కదా. ఎనిమిది హో గయా, నిండిపోయాయి.”

“ఫోనుకేటి తెలుసు, ఇక్కడ వాన ఆగినాదో లేదో. ఆనపకాయ కొయ్యండి. అడుగున్నర ఉంది, పట్టుకుంటే బాగుంటాది.”

“ఆనపకాయ ఎవరి గార్డెన్‌లోనైనా ఉంటాది పిన్నీ. మట్టిలోంచి తీస్తున్నట్టు ఉండాలంట. ఒక్కటే. ఫొటో తీసేసి మళ్ళీ పాతేద్దాం.”

దేముడమ్మ నవ్వింది. తవ్విన కందని మళ్ళీ పాతడమేమిటో అనుకుంది. నవ్వినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఆమె అనుకుంది. ఒప్పుకున్నట్టేనని చాందిని అనుకుంది.

గురువారం పదింటికి కారు వచ్చింది. మిడిల్ పాయింట్ బజారులో హార్డ్‌వేర్ షాపు ఉన్న శంకరరావుగారి భార్య సరోజిని ముందు దిగింది. ఆవిడ మండలి ప్రెసిడెంటు. మనిషి చెడ్డది కాదు. పిల్లలకి ఏటా చలికోట్లు కుట్టిస్తుంది, ఈ దీవుల్లో చలికోటు ఎవరు తొడుక్కుంటారన్నది వేరే సంగతి. వెనకాల గెస్టులు, ఒక ఆడమనిషీ, మెళ్ళో కెమెరా వేలాడేసుకున్న మగమనిషీ.

గునపం దేముడమ్మ చేతిలోనే పెట్టారు. ఆమె కాడని ఎడంచేత్తో పట్టుకుని మళ్ళీ బొటనవేలితో నొక్కి చూసింది.

“చలో పిన్నీ, లైటు బాగుంది,” అంది చాందిని.

చుట్టూ జానెడు దూరంలో మట్టి వదులు చేసింది. దెబ్బ తగిలితే కంద కుళ్ళిపోతుందని గునపం పక్కన పెట్టి వేళ్ళతో గుల్ల చేసింది. వాన నీళ్ళకి మట్టి జిగురు కట్టి ఉంది. కాడ పట్టుకుని పక్కకి వంచితే తడి విరుపు చప్పుడయింది. ఎండి వాలిన కాడ అలా విరగదు. కంద బయటికి వచ్చింది, పిల్లాడి తలకాయంత. తోలు ఇంకా పల్చగా, లేత గులాబీగా ఉంది.

కెమెరా అతను కూర్చుని, నిలబడి, పడుకుని మరీ తీశాడు. ఆడమనిషి దేముడమ్మ మట్టి చేతులు రెండూ పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అంది.

“ఇంత చిన్న జాగాలో ఇంత తోట ఎక్కడా చూడలేదంటున్నారు, నీ చేతిలో ఏదో ఉందంటున్నారు,” అని చెప్పింది సరోజిని.

దేముడమ్మ తలకొంగు సర్దుకుంది. ఇన్నేళ్ళలో కూర బాగుందన్నవాళ్ళు ఉన్నారు గాని తోట బాగుందని ఒక మనిషి పనిగట్టుకుని వచ్చి చెప్పడం అదే మొదలు. ఒళ్ళంతా వేడిగా అయింది.

“ఇవాళ పిల్లలకి ఇదే వండు దేముడమ్మా,” అంది సరోజిని. “తోటలోంచి తిన్నగా పళ్ళెంలోకి. వీళ్ళ పుస్తకానికి మనం రాసిచ్చింది అదే కదా. వీళ్ళు అది కూడా ఫొటో తీసుకుంటారు.”

“ఇప్పుడు తవ్విన కంద ఇప్పుడే వొండకూడదమ్మా. నెల ఆరాల. పచ్చిది గదా, దురదెడతాది.”

“చింతపండు వేసి ఉడికిస్తే ఏ దురదా ఉండదు. మా ఇంట్లో ఎన్నిసార్లు చేయించలేదు? ఏనాడైనా దురద పెట్టిందా?”

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆవిడకి తెలిసిన కంద ఓడలో వచ్చిన కంద. ఎక్కడో తవ్వి, గోదాములో పోసి, ఓడలో దొర్లి, షాపులో మరో పది రోజులు పడుండి, దాని పొగరంతా దారిలోనే అణిగిపోయాక ఆవిడ వంటింటికి చేరేది. దీవుల్లో సగం మందికి కంద అంటే అదే. నేలలోంచి ఊడదీసిన కందని ఆ పూటే కత్తిపీట మీద తరిగిన మనిషి అక్కడ దేముడమ్మతో సహా ఎవరూ లేరు. ఆమె చాందిని వైపు చూసింది. చాందిని ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటోంది.

అరచేతులకి, మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చుంది. తోలు మందంగా తీసేసింది. ముక్కలు చిన్నవిగా, పాచికలంత తరిగింది. నీళ్ళు పోసి కడిగితే గులాబీ రంగు దిగింది. మళ్ళీ కడిగింది. ఆరుసార్లు కడిగాక నీళ్ళు తేటపడ్డాయి. చిక్కటి చింతపండు పులుసులో ఉప్పూ పసుపూ వేసి ముక్కలు ఉడికించి, ఆ నీళ్ళు వార్చి పారబోసి, ఇంకోసారి చింతపండు పోసి ఉడికించింది. ఈలోపు కిటికీలోంచి చెయ్యి చాపి బచ్చలి తెంపి, కాడలు వేరే, ఆకు వేరే తరిగి కలిపింది. పిల్లలు కదా అని ఆవపిండి చిటికెడే. పోపులో ఎండుమిరపకాయ ఒక్కటే. వంటిల్లంతా ఘుమఘుమలాడింది.

గరిటె కొసతో కొంచెం తీసుకుని నాలిక మీద వేసుకుంది. ముందు పులుపు తగిలింది. తరవాత ఉప్పు. కమ్మగా ఉంది. మింగబోతుంటే నాలిక అంచున చీమ పాకినట్టయింది.

గిన్నె దించి పారబోసెయ్యాలి. ఆ మాట ఆమెకి స్పష్టంగా తెలుసు. పక్క గిన్నెలో పప్పు ఉంది, గుడ్లు ఉడికి ఉన్నాయి, పిల్లలు పస్తుండరు. రెండు చేతులా మసిగుడ్డ తీసుకుంది కూడా.

“అయిందా దేముడమ్మా? వీళ్ళకి ఫ్లైటు టైమవుతోంది,” సరోజిని గొంతు వినిపించింది. “ఆవిడ నీ కూర రుచి చూడకుండా కదలనంటోంది.”

దేముడమ్మ మసిగుడ్డ కింద పెట్టింది. మరో గరిటెడు చింతపండు పులుసు పోసింది. బెల్లం గడ్డ వేసింది. కాసేపు ఉడకనిచ్చి మళ్ళీ రుచి చూసింది. ఈసారి నాలిక ఏమీ చెప్పలేదు. అప్పటికే అది మొద్దుబారి ఉందన్న సంగతి ఆలోచించడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

పందొమ్మిది పళ్ళేలు వరసగా పెట్టారు. గెస్టు ఆవిడ చెంచా కొసంత తిని బొటనవేలు పైకెత్తింది. కెమెరా అతను అమ్మడి ముందు చతికిలబడ్డాడు, ఎందుకంటే ఒళ్ళో కూర్చుని తినేది ఆ పిల్ల ఒక్కర్తే. దేముడమ్మ గోలీకాయంత ముద్ద చేసి పెట్టింది. పిల్ల నమిలింది. మొహం చిట్లించింది.

“మామ్మా, కాంటా,” అంది. చేపముల్లు గుచ్చుకుంటే పిల్లలంతా అనే హిందీ మాట అది.

“కాంటా నేదు. ఇది సేప గాదే. పులుపు తగిలినాది నీకు. మింగీ.”

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. మింగింది.

“ఇంకొక్కటి. నా బంగారం గదా.”

ఇంకొకటి మింగింది. మరొకటి కూడా. కెమెరా టకటకలాడింది. నాలుగో ముద్దకి పిల్ల గొంతు గోక్కోవడం మొదలుపెట్టింది. అవతల వరసలో ఇంకెవరో ఏడుపు అందుకున్నారు. అమ్మడు నోరు తెరిచి ఏడుస్తుంటే పెదవులు దేముడమ్మ కళ్ళముందే పొంగాయి.

ఏడుగురు పిల్లలకి దురద వచ్చింది. ఆరుగురికి మజ్జిగ తాగించి, బెల్లం చప్పరింపజేస్తే గంటలో సర్దుకుంది. అమ్మడిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చాందిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. దేముడమ్మ ఎక్కబోతే, “నువ్వొద్దు, ఇక్కడ పిల్లలున్నారు కదా,” అంది సరోజిని. ఇంజెక్షన్ ఇచ్చి, మూడు గంటలు చూసి, ప్రాణానికేమీ భయం లేదని పంపేశారు. గెస్టులు ఏం జరిగిందో పూర్తిగా తెలియకుండానే విమానం ఎక్కేశారు. ఆ విమానం బాల్వాడీ మీంచే పోయింది. ఆ రోజు దానికి చేతులూపిన పిల్లలు లేరు.

సాయంత్రం చాందిని వంటింట్లోకి వచ్చింది. చేతిలో రిజిస్టరు. దేముడమ్మ గిన్నెలు తోముతోంది, తోమిన గిన్నెలే మళ్ళీ.

“పిన్నీ, మేడమ్ ఇలాగ రాయమంది,” అని తల ఎత్తకుండా చదివింది. హిందీలో ఉంది. సహాయకురాలు టీచరుకి గాని, ప్రెసిడెంటుకి గాని చెప్పకుండా అడవి కంద తవ్వి పిల్లలకి వండి పెట్టిందని.

“అడవి కందా?” అంది దేముడమ్మ.

చాందిని పెన్ను మూత తీసి ఇచ్చింది.

అబద్ధమని అరవాల్సింది. నీకు ముక్కు తుడిచి ముద్దలు పెట్టినదాన్ని, నామీద ఇలాగ రాస్తావా అని అడగాల్సింది. ఆ మాటలు గొంతు దాకా వచ్చాయి. కాని నాలిక అంచున చీమ ఇంకా పాకుతూనే ఉంది. ఆమె చెయ్యి చీరకి తుడుచుకుని, నిదానంగా, అక్షరం అక్షరం, తెలుగులో తన పేరు రాసింది. శనివారం మీటింగు అయ్యేదాకా రావద్దని మేడమ్ చెప్పమందని చెప్పి చాందిని వెళ్ళిపోయింది. గుమ్మం దాటేటప్పుడు ఆగినట్టే ఆగి, ఆగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మొగుడు గవరయ్య ముంగిట్లో కూర్చుని ట్రాన్సిస్టరు బాగుచేస్తున్నాడు. హార్బరులో ఓడలకి తాళ్ళు కట్టే పని చేసి రిటైరైన మనిషి. లంబాలైన్‌లో కబురు మనిషికన్నా ముందు ఇంటికి చేరుతుంది.

“పిల్లకెలగుంది?” అన్నాడు.

“ఇంటికి తెచ్చీసినారంట.”

“ఎవులు తవ్వమన్నారు?”

“ఆలే.”

“మరి ఆలే సూసుకోవాల. నీ తప్పేటుంది ఇందల?” స్క్రూ బిగిస్తూ, పెద్దగా ఆలోచించకుండానే అడిగాడు. “నువ్వు రుచి సూసినావు గదా. నాలిక్కి తెలీనేదేటి?”

“తెలీనేదు,” అంది దేముడమ్మ.

ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ మనిషితో ఆమెకి అబద్ధమాడే అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంత సులువుగా వస్తుందని కూడా అనుకోలేదు.

శుక్రవారం లేత కొబ్బరిబొండం ఒకటి పట్టుకుని లక్ష్మీకుమారి ఇంటికి వెళ్ళింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లక్ష్మీకుమారి డ్యూటీ నీలం చీరలోనే గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“పడుకుందత్తా.”

“ఒక్కసారి సూసి...”

“నెగిస్తే మళ్ళీ ఏడుస్తాది.” గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటే దేముడమ్మకి తేలిగ్గా ఉండేది. “నాను పొద్దున్నే గుమ్మంలో దింపీసి ఎనక్కి సూడకుండా పోతాను. నువ్వున్నావనే గదత్తా.”

బొండం గుమ్మం పక్కన పెట్టి వచ్చేసింది. తిరిగొస్తూ బాల్వాడీ కంచె పక్కనుంచి నడిచింది. ఒక్క పొద్దు ఏరకపోయేసరికి బచ్చలి మొదట్లో నత్తలు గుంపు కట్టి ఉన్నాయి. లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. నిన్నటిదాకా తన ఇంటికన్నా ఎక్కువగా తిరిగిన చోటు. దొంగలా వల సందులోంచి చూసి, ఏడుపు ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

శనివారం మధ్యాహ్నం తల్లులంతా పిల్లల చాపల మీదే కూర్చున్నారు. సరోజినికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆవిడ రిజిస్టరులో రాసింది చదివింది. సోమవారం నుంచి తోట ఉండదని, పిల్లలకి ప్యాకెట్ ఆహారం ఇస్తారని, ఇన్నాళ్ళు చేసిన సేవకి కృతజ్ఞతలు చెబుతూ దేముడమ్మని పనిలోంచి తప్పిస్తున్నామని అంది. ఆవిడ మొహం కూడా సంతోషంగా ఏమీ లేదు.

దేముడమ్మ గోడకి ఆనుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుంది.

“అంత ఇదేటత్తా నీకు?” అంది లక్ష్మీకుమారి వెనక్కి తిరిగి. “ఎవులికీ సెప్పకుండా తవ్వీడమేటి, అదీ పసిపిల్లలకి? నీకు తెలీదా కంద సంగతి?”

అందరూ దేముడమ్మ వైపే చూస్తున్నారు. ఆ చూపులకి తల ఇంకా కిందికి దించుకుంది.

“చెప్పింది.”

అన్నది చాందిని. తలుపు దగ్గర నిలబడి ఉంది.

“మంగళవారమే చెప్పింది. కాడ పచ్చగా ఉంది, వద్దు అంది. ఫొటో కోసం నేనే తవ్వించాను. వండేటప్పుడు కూడా వద్దంది, మేడమ్‌కే చెప్పింది. అది అడవి కంద కాదు. పిన్నే వేసింది. రిజిస్టరులో రాసింది ఝూఠ్. నేనే రాశాను.” ఇంకేదో అనబోయి, దుపట్టా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

సరోజిని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “నాకు తెలిసి అంటానా ఏమిటి? మా ఇంట్లో ఎప్పుడూ...” అని ఆగింది. రిజిస్టరు మూసి ఒళ్ళో పెట్టుకుంది. “తప్పు మాదే. దేముడమ్మా, సోమవారం నుంచి రా. తోట కూడా ఉంటుంది,” అంది.

చాపల మీద ఒక్కసారిగా కదలిక వచ్చింది. ఇద్దరు లేచి వచ్చి దేముడమ్మ పక్కన కూర్చున్నారు. “మాకు తెలీదా నీ సంగతి,” అంది ఒకావిడ, క్షణం క్రితం దాకా తెలియనట్టు కూర్చున్నావిడే. “మరి సంతకం ఎందుకు పెట్టీసినావు, పిచ్చిదానివా?” అంది ఇంకొకావిడ.

అందరూ అంత దగ్గరగా వచ్చేసరికి దేముడమ్మ మోకాళ్ళ చుట్టూ కట్టుకున్న చేతులు విప్పి తల ఎత్తింది.

“నాను రుచి సూసినాను,” అంది.

“చూస్తావు కదా మరి, వండినదానివి,” అంది సరోజిని.

“దురద తగిలినాది నాలిక్కి. తెలిసినాది నాకు. పారబొయ్యొచ్చు. పారబొయ్యలేదు.” లక్ష్మీకుమారి కళ్ళలోకి చూసింది. “పిల్ల సెప్పినాది నాకు, గుచ్చుకుంటందనీసి. నానే మింగమన్నాను. ఒకటి గాదు, మూడు ముద్దలు.”

పైనుంచి విమానం దిగుతున్న హోరుకి మాటలు ఆగాయి. అది ఆగేసరికి సరోజిని, “అవన్నీ ఇప్పుడెందుకు, నువ్వు మనసులో పెట్టుకోకు,” అంటోంది. మిగతావాళ్ళు తలలూపారు. ఆ మాట వాళ్ళెవరికీ అక్కర్లేదు. తప్పెవరిదో తేలిపోయింది, టీచరు ఏడ్చింది, ప్రెసిడెంటు ఒప్పుకుంది, మళ్ళీ మొదటికి తీసుకురావడం దేనికని.

లక్ష్మీకుమారి మాత్రం తల ఊపలేదు. ఆమెనే చూస్తూ ఉండిపోయింది. తరవాత చూపు తిప్పుకుని, చాప మీద జారిన పోచ ఒకటి పీకుతూ, “సోమవారం నాకు పొద్దుటి డూటీ. ఏడింటికి తెస్తాను,” అంది.

సోమవారం దేముడమ్మ ఇంకా చీకటి విడకముందే వచ్చింది. బకెట్ నిండి పొర్లేదాకా నత్తలు ఏరింది. తిట్టడానికి నోరు రాలేదు. బచ్చలిలో సగం పోయింది. ఆనపకాయ కోసి, చెక్కు తీసి, పెసరపప్పుతో కలిపి ఉడికించింది. చింతపండు డబ్బా ముట్టుకోలేదు. ఉప్పు, పసుపు, చెంచాడు నెయ్యి. పథ్యం కూరలా ఉంది. నాలుగుసార్లు రుచి చూసింది, గిన్నె అడుగునుంచి, పైనుంచి, మధ్యలోంచి.

అమ్మడు వస్తుందా రాదా, వచ్చినా దగ్గరికొస్తుందా అని పొద్దుటి నుంచి గుమ్మం వైపే చూస్తూ ఉంది. పిల్ల గుమ్మంలో దిగింది. దేముడమ్మని చూసింది. చూసి, చెప్పులైనా విప్పకుండా పరుగెత్తుకొచ్చి మోకాళ్ళు వాటేసుకుంది.

“మామ్మా, నాకు సూది వేశారు,” అని జబ్బ చూపించింది.

దేముడమ్మ ఆ జబ్బ మీద ముద్దు పెట్టుకుంది. కళ్ళనీళ్ళు ధారగా కారిపోయాయి. ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికపడింది. పిల్లని చంకనెత్తుకుని తోటంతా తిప్పింది, నత్తల బకెట్ చూపించింది. పిల్ల ఎప్పట్లాగే నవ్వింది, ఎప్పట్లాగే వెయ్యి ప్రశ్నలు వేసింది.

మధ్యాహ్నం పళ్ళేలు పెట్టారు. పిల్ల అలవాటుగా వచ్చి ఒళ్ళో కూర్చుంది. దేముడమ్మ అన్నంలో పప్పు మెత్తగా పిసికి, ఊది, గోలీకాయంత ముద్ద చేసి నోటి దగ్గరికి తెచ్చింది.

అమ్మడు రెండు చేతులతో నోరు మూసుకుంది.

“పప్పే. కమ్మటి పప్పు. సూడు, మామ్మ తింటంది.” ఆ ముద్ద తన నోట్లో వేసుకుని నమిలి మింగి చూపించింది. పిల్ల శ్రద్ధగా చూసింది. ఇంకో ముద్ద చేసి తెస్తే మళ్ళీ నోరు మూసుకుంది. వేళ్ళు తెల్లబడేలా నొక్కుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఒళ్ళోంచి లేవనూ లేదు. వీపు ఆమె గుండెకి ఆనించి అలాగే కూర్చుని, చేతుల సందులోంచి, “కాంటా,” అంది.

“నేదమ్మా. కాంటా నేదు,” అంది దేముడమ్మ. అన్నాక, గురువారం నాడు కూడా ఇదే మాట అన్నానని గుర్తొచ్చింది. చెయ్యి పళ్ళెంలోకి దిగిపోయింది.

మిగతా పిల్లలు తిని చేతులు కడుక్కుంటున్నారు. చాందిని వచ్చి పక్కన కూర్చుంది. శనివారం నుంచి ఆమె దేముడమ్మ మొహంలోకి సరిగ్గా చూడలేదు. ఏదో ఒకటి చేయాలన్నట్టు పళ్ళెం తన వైపు జరుపుకుని, అలవాటు లేని చేత్తో ముద్ద కలిపి, “అమ్మడూ, ఆఁ అను,” అంది.

అమ్మడు చేతులు తీసి నోరు తెరిచింది.

నమిలింది. మింగింది. మళ్ళీ తెరిచింది. చాందిని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దేముడమ్మని చూసి, ముద్ద పళ్ళెంలో పడేసింది.

“ఆపకు,” అంది దేముడమ్మ. “సల్లారిపోతాది.”

పిల్లని మెల్లగా ఎత్తి చాందిని ఒళ్ళో కూర్చోబెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచింది. తను ఎదురుగా ఉంటే తినడం ఎక్కడ మానేస్తుందోనని వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి, పిల్లకి కనపడకుండా నిలబడింది. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. సందులోంచి చూస్తే చాందిని మరీ పెద్ద ముద్ద చేస్తోంది.

“సిన్న ముద్ద సెయ్యమ్మా,” అంది అక్కణ్ణుంచే. “గోలీకాయంత సెయ్యి. అప్పుడు తింటాది.”